తోట నూతి నీళ్ళు

ఆ మధ్యాహ్నం జలంత్రకోట దగ్గర కొబ్బరితోటలో ఆయన తన రెండేళ్ళ శ్రమను తనే కొట్టిపారేశారు. రాసిన నోటుపుస్తకాలన్నీ సంచీలో సర్ది పక్కన పెట్టారు. నా దగ్గరున్న కొత్త పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీలో మళ్ళీ ఒకటో నంబరు వేశారు.

అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన మునిసిపల్ చైర్మన్. తొంభైల చివర్లో నేను పలాస నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. శివారు వార్డుల్లో బోరు వేయించిన ప్రతిచోటా ఆయన మొదటి గ్లాసు తాగి, "తియ్యగా ఉన్నాయి" అనేవారు. జనానికి అదే పరీక్ష. నేనూ వార్తలో అదే రాసేవాణ్ణి. మా ఉద్దానంలో నీళ్ళ మంచీ చెడ్డా నాలుకతోనే తేల్చేవాళ్ళం.

తర్వాత కిడ్నీ జబ్బు మాట ఊరూరా వినబడింది. ఆయన బోరు వేయించిన వీధిలోనే కొబ్బరికాయలు దింపే మనిషి ఒకడు ఆ జబ్బుతో పోయాడు. మేమిద్దరం పరామర్శకు వెళ్తే అతని తల్లి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తిరిగి వస్తూ దారిలో ఆయన నన్ను అడిగారు: "నేను ఇచ్చిన నీళ్ళే అతన్ని తీసుకుపోయాయా?"

ఆయన మళ్ళీ పోటీ చేయలేదు. తాగునీటి విధానాల మీద పనిచేసే చిన్న పరిశోధన సంస్థలో చేరి, యాభై దాటాక, తనకంటే చిన్నవాళ్ళ దగ్గర సర్వే చేయడం నేర్చుకున్నారు. రెండేళ్ళు, తరచు నన్నూ వెంటబెట్టుకుని, బస్సుల్లో బారువ వైపు పల్లెలన్నీ తిరిగి గడపగడపలో ఒకటే అడిగారు: మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు?

ఆ తోటలో కొబ్బరికాయలు వలుస్తున్న ఆమెనూ అదే అడిగారు.

"ఇంటికాడ కులాయి నీలే బావూ," అందామె. ఆయన రాసుకున్నారు. ఆమె నవ్వింది. "రాసేసినావేటి? ఇంటికాడ తాగీది పొద్దున ఓ గలాసు, రేత్తిరి ఓ గలాసు. పొద్దల్లా ఈ నూతి నీలే కదా."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమమ్మా?"

"ఇంటికాడ మాట అడిగితే ఇంటికాడ మాటే సెప్తారు. మీ పార్టీ ఓట్లకి తెల్లారకముందే వొచ్చీవోడివి, పగలు మేం ఇంట్లో ఉండమని నీకు తెల్దా?"

"ఊరుకోయే, సైర్మన్ సేసినోరు," అన్నాడు ఆమె భర్త.

"అందుకే సెప్తన్నాను."

ఆయనకు తెలుసు. ఆయనదీ తోటల కుటుంబమే. తెలిసిన సంగతినే అడగడం మరిచారు. నేనైతే పాత లెక్కల కింద ఒక వివరణ రాసి ముందుకు పోయేవాణ్ణి. ఆయన ఆమెకు దండం పెట్టి, నూతి లోతు అడిగారు.

ఆ ఊళ్ళన్నీ రెండోసారి తిరగడానికి మూడేళ్ళు పట్టింది. ఈసారి తోటల్లోకి, కళ్ళాల్లోకి వెళ్ళి అడిగారు. నివేదికలో తను వేయించిన బోర్లన్నిటినీ వీధుల పేర్లతో సహా రాశారు. వాటి నీళ్ళు జబ్బుకు కారణమని గానీ కాదని గానీ చెప్పగల ఆధారం తనకు దొరకలేదని రాసి కింద సంతకం చేశారు.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు.