నేను మార్చి చదివిన కథ

మొన్న కామారెడ్డిలో మా మనవరాలు డిగ్రీ పరీక్షకు చదువుకుంటూ, పాత నవలల్లో గడప దాటిన ఆడవాళ్ల గురించిన పాఠం ఒకటి నాకు వినిపించింది. పంతొమ్మిది వందల డెబ్బైల చివరి ఏళ్లలో, ఎల్లారెడ్డిలో మా ఇంట్లో, అలాంటి నవల చదువుతూ నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

మా ఇంటి ఆడవాళ్లు బీడీలు చేసేవారే కానీ కార్ఖానా మొహం చూసినవారు కారు. ఆకు, తంబాకు తేవడం, చేసిన బీడీలు అప్పజెప్పి రావడం అంతా అన్న పనే, అది బాపు పెట్టిన కట్టడి. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్నం పూట అవ్వ, వదిన చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నేను పుస్తకం చదివేదాన్ని, నా వంతు బీడీలు కూడా వదినే చుట్టేది. మద్నూర్ నుంచి వచ్చిన వదినకు మాటల్లో మరాఠీ దొర్లేది, తెలుగు అక్షరాలు రావు, కానీ కథ వినడంలో ఆమెను మించినవారు లేరు. అవ్వ పురాణం తప్ప మరొకటి విననిచ్చేది కాదు కనుక, బడిలో టీచరమ్మ ఇచ్చిన నవలను నేను పురాణంలాగే రాగం తీసి చదివేదాన్ని. అవ్వ పాపం రోజూ చివర్లో దండం పెట్టుకునేది, నేనూ వదినా నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం.

ఆ నవలలో ఒక కోడలు మామగారిని ఎదురుగా నిలబడి అడిగి, చదువు కోసం అత్తవారిల్లు విడిచి వెళ్తుంది. వదినకు ఆమె మీదే ప్రాణం. కామారెడ్డిలో తన అక్క ఇంట్లో ఉండి ఆరు నెలలు కుట్టుపని నేర్చుకోవాలని వదిన కోరిక.

"కథ అయిపోయినంక మామను అడుగుత పిల్లా. ఆమె ఎట్ల అడిగిందో గట్లనే అడుగుత" అంది నాతో.

ఆఖరి అధ్యాయం రోజు, అవ్వ గొప్పగా చెప్పిన పుణ్యమా అని బాపు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఏం పురాణమే అది, నన్ను గూడ విననియ్యి" అన్నాడు. పుస్తకంలో ఆ కోడలు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది, అది చదివితే మర్నాటినుంచి నా బడి కూడా బందే. వదిన చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. నేను అదే రాగంలో, లేని మాటలు కల్పించి, ఆమె ఊరు దాటకముందే బుద్ధి తెచ్చుకుని తిరిగొచ్చి మామగారి కాళ్లమీద పడినట్టు చదివేశాను.

"మంచిగున్నది" అని బాపు లేచి వెళ్లాడు.

వదిన "వాపస్ వచ్చిందా?" అని మాత్రం అడిగింది. బాపు ఇంకా వాకిట్లోనే ఉన్నాడు, అవునన్నాను. మర్నాడు నిజం చెబుదామనుకున్నాను, చెప్పలేదు. పుస్తకం టీచరమ్మకు ఇచ్చేశాను. వదిన ఆ తర్వాత కుట్టుపని ఊసే ఎత్తలేదు. మొదట బాపుకు భయపడి, తర్వాత వదిన ముఖానికే భయపడి, ఏళ్లకేళ్లు గడిపేశాను.

ఇప్పుడు ఎల్లారెడ్డి ఆడపిల్లలు ఎవరినీ బతిమాలకుండా బస్సెక్కి కామారెడ్డి కాలేజీలకు వస్తున్నారు, చూస్తే కడుపు నిండిపోతుంది. వదిన మనవరాళ్లూ అలా వచ్చేవాళ్లే. నేను ఎల్లారెడ్డి వెళ్లినప్పుడల్లా వదిన వాళ్లను కూర్చోబెట్టి ఆ కథ చెబుతుంది, ఒక్క ముక్కా మరిచిపోలేదు. అంతా విని, ఆమె ఎందుకు తిరిగొచ్చిందని పిల్లలు అడుగుతారు. వదిన, చదివింది నేను కదా అని నా వైపు చూస్తుంది.