శనివారాల టోపీ ఆవిడ

"గుడ్డిగా అన్నానా నేను?"

"మరేమని చెప్పమంటావు వాళ్లకి? జట్కావాడి కూతురు, గుర్రాల మధ్య పెరిగింది అని చెప్పనా?"

"చెప్పండి. అబద్ధమా?"

"మెల్లగా. పక్క అపార్ట్‌మెంట్‌కి వినపడుతుంది."

"వినపడనీండి. ఆ తెల్లవాళ్లకి తెలుగొచ్చా?"

ఇది న్యూజెర్సీలో, మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ వంటగదిలో, ఎనభైల మొదట్లో ఒక శనివారం సాయంత్రం నాకూ మా ఆయనకూ జరిగిన గొడవ. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న మనవరాలు నా పక్కన కూర్చుని ఫోన్‌లో పాతకాలం టీవీ ముక్కలేవో చూస్తోంది. ఉన్నట్టుండి ఆవిడ కనిపించింది. అదే వెడల్పాటి టోపీ, చేతిలో అదే మైకు, వెనకాల గుర్రాలు. "అమ్మమ్మా, షీ ఈజ్ సో కూల్ కదా!" అంది పిల్ల. నాలో పాత మంట భగ్గుమంది. ఒళ్లంతా ముసలిదైంది గానీ ఆ మంట ఒక్కటీ పడుచుగానే ఉంది.

పందెం మొదలయ్యే ముందు గుర్రాలను ఒక గుండ్రటి దొడ్లో నడిపించి చూపిస్తారు. ఆవిడ అక్కడ నిలబడి ఒక్కొక్కదాన్నీ ఎగాదిగా చూసి, ఏది గెలుస్తుందో టీవీలో చెప్పేది. అదే ఆవిడ ఉద్యోగం. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ వేళకి మా ఆయన తల దువ్వుకుని సోఫాలో కూర్చునేవారు. నన్ను సినిమాకి తీసుకెళ్లిన రోజున కూడా దువ్వుకోని మనిషి! పందెం కాసే అలవాటు ఆయనకు లేదు, కాస్తే నేను ఊరుకునేదాన్నీ కాను. ఊరికే ఆవిడ మాటలు వినడం, వాటిని క్యాలెండర్ కాగితాల వెనక రాసుకోవడం. "ఏం కన్నో చూడు! చెవులు చూసి చెప్పేస్తోంది" అని మురిసిపోయేవారు. నేను వెనకాల కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతూ పళ్లు నూరుకునేదాన్ని. ఆ టీవీ, ఇళ్ల ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే యార్డ్ సేల్‌లో బేరమాడి కొన్నది నేనే. అందులో మనుషులందరూ ఆకుపచ్చగా కనిపించేవారు, ఆ టోపీ కూడా. ఆ రంగు మీద కసితో నా ఆకుపచ్చ చీరలు రెండు మళ్లీ కట్టలేదు. మొన్న ఫోన్‌లో చూద్దును కదా, అది గులాబీ రంగు టోపీ! బంగారం లాంటి చీరలు రెండు అనవసరంగా పెట్టెలో పడి చివికిపోయాయి.

అందం చూసి కుళ్లుకున్నానని అనుకునేరు. అదీ కొంత ఉందిలెండి, కానీ అసలు సంగతి వేరు. మా నాన్నకు తెనాలి స్టేషన్ దగ్గర జట్కా ఉండేది. నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించింది కూడా ఆ గుర్రం కోసమే. గడ్డి కోయడం, ఉలవలు నానబెట్టడం, సాయంత్రం ఇంటికొచ్చాక దాని ఒళ్లు రుద్దడం నా పనులు. ఏ గుర్రం అలిసిపోయిందో, ఏది దొంగవేషాలు వేస్తోందో, ఏది నొప్పి దాచుకుంటోందో మా నాన్న నాకు అక్షరాల కన్నా ముందు నేర్పాడు. మా పెళ్లినాటికి నాన్న పోయాడు, గుర్రాన్ని అమ్మేశారు. నాన్ననీ, గుర్రాన్నీ మా ఆయన చూడలేదు. అమెరికా వచ్చిన కొత్తలో ఎవరో మామగారేం చేసేవారని అడిగితే "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అన్నారు. అందరూ లారీలనుకున్నారు. ఆనాటి నుంచి నాకు గుర్రం మాట ఎత్తే వీలు లేకుండా పోయింది. టోపీ ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. గుర్రాలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. నా దగ్గర ఉన్న విద్యనే ఆవిడ దగ్గర చూసి మా ఆయన నోరు వెళ్లబెడుతుంటే, నేను వెనకాల రాళ్లు ఏరుకోవాలి. మండదూ?

ఆ శనివారం పక్కనున్న ఎడిసన్ ఊరి నుంచి ఆయన స్నేహితుడు భార్యతో భోజనానికి వచ్చారు. టీవీలో ఆవిడ, ఎర్రగుర్రమంటూ, మాకు ఆకుపచ్చగానే నిగనిగలాడుతున్న ఒకదాన్ని చూపించి తెగ మెచ్చుకుంది. "ఇంక దానికి తిరుగులేదోయ్" అన్నారు మా ఆయన. నేను పులిహోర గిన్నె పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఎడమ ముందుకాలు నేలకు తగిలినప్పుడల్లా దాని తల కొంచెం పైకి లేస్తోంది. జట్కా ఎక్కబోయే మనిషి కూడా కనిపెట్టగలిగే సంగతి అది.

"అది పరిగెత్తదు. కాలు నొప్పిగా ఉంది దానికి" అన్నాను.

"నువ్వెళ్లి పెరుగు పట్రా" అన్నారు మా ఆయన.

నేను పెరుగు తెచ్చేసరికి పందెం మొదలై, ఎర్రగుర్రం అన్నిటికన్నా వెనకబడింది. సగం దూరం పోకుండానే జాకీ దాన్ని ఆపి దిగిపోయాడు. స్నేహితుడు చెయ్యి కంచంలోనే పెట్టుకుని నా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా! ఎలా చెప్పావమ్మా అంత కచ్చితంగా?"

నోరు తెరిచాను. మాట బయటికి వచ్చేలోపలే మా ఆయన "ఏదో గుడ్డిగా అన్నదిలే, వడ్డించుకో" అన్నారు.

అంతలో టీవీలో ఆవిడ మళ్లీ కనిపించి, నవ్వుతూ, ఇవాళ పొరబడ్డాను, ఆ కాలు నేను చూసుకోవలసింది అంది. మా ఆయన కంచం మీద నుంచి తలెత్తి "చూశారా, ఎంత హుందాగా ఒప్పుకుందో!" అన్నారు.

నా ఒళ్లు భగభగా మండిపోయింది. అంతవరకూ ఆవిడ టోపీని చూసి, జుట్టును చూసి, మా ఆయన చూపును చూసి ఏడ్చాను. అవన్నీ ఒక ఎత్తు. ఆవిడ దేశమంతా చూస్తుండగా తప్పు చెప్పి, వచ్చే శనివారం మళ్లీ దర్జాగా వచ్చి నిలబడుతుంది. నేను ఒప్పు చెప్పి కూడా పెరుగు వడ్డించాలి.

వాళ్లు వెళ్లగానే వంటగదిలో మొదట చెప్పిన గొడవ మొదలైంది. తెల్లవాళ్లకి తెలుగొచ్చా అన్న తర్వాత ఆయన గొంతు ఇంకా తగ్గించారు.

"పదేళ్ల నుంచి ట్రాన్స్‌పోర్ట్ అని చెప్పుకొస్తున్నాను. ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కాను?"

"జట్కా మాత్రం ట్రాన్స్‌పోర్ట్ కాదా? మనుషుల్ని ఎక్కించుకునేగా తిరిగింది?"

"నీతో వాదించలేను."

"ఆ టోపీ ఆవిడతో అయితే వాదించే పనే లేదుగా. ఏం చెప్పినా రాసుకోవడమే!"

నేను అంట్లన్నీ అవసరానికి మించిన చప్పుడుతో తోమాను.

మర్నాడు ఆదివారం పొద్దున్నే స్నేహితుడి ఇంటికి ఫోన్ చేశాను. అంతవరకూ ఆ ఫోన్‌లో నాకై నేను నంబరు తిప్పి ఎరగను. "అన్నయ్యగారూ, నిన్న మీరడిగారు, చెప్పలేదు. మా నాన్న తెనాలిలో జట్కా తోలేవాడు. ఆ గుర్రాన్ని నేను సాకాను. అందుకని తెలిసింది" అన్నాను. అవతల ఆయన "అలాగా తల్లీ!" అని, భార్యను పిలిచి అదే మాట చెప్పడం వినపడింది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే మా ఆయన నోట్లో బ్రష్‌తో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి విన్నారో తెలియదు. లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చారు. కాఫీ ఇచ్చాను. సగం తాగి, గ్లాసు వైపే చూస్తూ, పెళ్లయిన పద్నాలుగేళ్లకి అడిగారు:

"మీ నాన్న గుర్రం ఏ రంగు?"

"నల్లది. కాళ్లు మాత్రం తెలుపు" అన్నాను.