కొట్టేసిన వరుస

మా ఆయన ఒక పరిశోధనశాలలో ఎలుకల సంరక్షకుడు. పద్దెనిమిదేళ్లు బోనులు కడిగాడు, మేత వేశాడు, ఒక్కో ఎలుకనూ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. అక్కడి శాస్త్రవేత్త అమ్మాయి ఆయన్ని "బాబాయ్" అని పిలిచేది. ఆ పిలుపుకే మనిషి కరిగి నీరైపోయేవాడు.

ఆ అమ్మాయి చెప్పిన సైన్సంతా భోజనాల దగ్గర నాకు అప్పజెప్పేవాడు.

"మెదడు అడుగు నుంచి న్యూరోపెప్టైడ్ అని ఓ కబురు బయల్దేరుతుందే. అది పీయూష గ్రంథికి చేరాక, అక్కడి నుంచి గొంతులోని థైరాయిడ్‌కి ఇంకో కబురు. పైవాళ్లు పలక్కపోతే థైరాయిడ్ ఎంత మంచిదైనా చేతులు ముడుచుకు కూర్చుంటుంది" అనేవాడు, తనే కనిపెట్టినట్టు.

కొన్నాళ్లకు ఆయనే అలా అయ్యాడు. ఎండాకాలంలోనూ స్వెట్టర్, ముద్దముద్దగా మాట, కూర్చున్నచోటే కునుకు. వీధి డాక్టరు ఒకే ఒక్క పరీక్ష చేయించి "థైరాయిడ్ బాగానే ఉంది" అన్నాడు. ఇంకేం, నేను నోటికి పని చెప్పాను. సోమరిపోతు అని పిల్లల ముందే తిట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పనిచోటా అదే మాట ఫిర్యాదుగా పైకి వెళ్లింది. రాసింది ఆ అమ్మాయే. ఎలుకల గది నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. అయినా ఈయన "తన పని పాడవుతుంటే పాపం, ఏం చేస్తుంది" అని వెనకేసుకొచ్చాడు.

మొన్న గేటు దగ్గరే పడిపోయాడు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ థైరాయిడ్ హార్మోన్‌కొకటి, దానికి పైనుంచి వచ్చే కబురుకొకటి, రెండు పరీక్షలూ చేయించింది.

"థైరాయిడ్ హార్మోన్ ఇంత తగ్గితే పీయూష గ్రంథి నుంచి వచ్చే కబురు పెరగాలి. పెరగలేదు. మీ డాక్టరు ఆ కబురొక్కటే చూసి మామూలుగా ఉందనుకున్నారు. ఇదివరకు ఎక్కడైనా రెండూ చూశారా?"

చూశారు. రెండేళ్ల కిందట "ఆరోగ్యవంతుల రక్తం కావాలి బాబాయ్" అని ఆ అమ్మాయి అడిగితే పరిశోధన కోసం రక్తమిచ్చాడు, అందులో ఆమె రెండూ చూసింది.

ఇద్దరం వెళ్లి అడిగాం. ఆమె కంప్యూటర్ తెరిచింది. రక్తమిచ్చిన ఇరవైమంది వరుసల్లో ఒకటి, ఈయనదే, అడ్డంగా కొట్టేసి ఉంది. అచ్చం ఆసుపత్రి కాగితంలో ఉన్నట్టే, హార్మోన్ అడుగంటింది, కబురు పెరగలేదు.

"మీ అంకెలు మిగతావాళ్లతో కలవలేదు బాబాయ్, అందుకే తీసేశాను. చెబుదామనే అనుకున్నాను..."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. నా ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తేదీ ఒకసారి చూపించు తల్లీ."

చూపించింది. ఫిర్యాదుకు ఐదు నెలల ముందు తేదీ. ఆయన దాన్ని రెండుసార్లు చదివి లేచి నిలబడ్డాడు.

"అయితే నేను సోమరిని కాదని తెలిసే రాశారన్నమాట, మేడం."