మా వదినె గీసిన సున్నం గీత

మొన్న సాయంత్రం ఆబిడ్స్‌ల నా కుట్టుమిషన్ దుకాణం బంద్ చేసి, నాంపల్లి మీదికెళ్లి నడుసుకుంట ఇంటికి వస్తున్న. నాంపల్లి ఎగ్జిబిషన్, గదే నుమాయిష్ దినాలు గద, రోడ్డు మీద బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకొని నిలబడ్డయి. ఒక కారాయన అద్దం దించి, "అమ్మా, గీడ సర్కారు బడి గ్రౌండుల పార్కింగ్ పెడ్తరు గద, ఏ దిక్కు?" అని అడిగిండు. "బడి గట్లనే ఉన్నది బిడ్డా, పార్కింగే లేదు. గాడ పిల్లలు ఆడుకుంటరు" అన్న. "ఇంతకుముందు పెట్టెటోళ్లు గద" అని నన్నే అనుమానంగ చూసిండు. పెట్టెటోళ్లే, కాదన్ననా. అది ఎట్ల పోయిందో చెప్పాలంటే మా వదినె సంగతి చెప్పాలె. ఎనకకెళ్లి హారన్లు కొడ్తున్నరు, ఆయనకు చెప్పే టైం లేకపాయె. మీకు చెప్త.

వదినె అంటే మా పెద్దన్న పెండ్లాం. పాలమూరు దిక్కు నుంచి మట్టిపనికొచ్చిన ఇంటోళ్లం మేము. అన్నకు బషీర్‌బాగ్‌ల ఒక ఆఫీసు కాడ వాచ్‌మన్ పని దొరికినంక, వదినె నాంపల్లి గల్లీ మూలకు ఇస్త్రీ బండి పెట్టుకున్నది. బొగ్గుల పెట్టె అది, పొద్దంత జరుపుతుంటె మగోళ్ల రెక్కలు గూడ గుంజుతయి. దుకాణానికి పోంగ నేను జరసేపు గాడ నిలబడేదాన్ని. నీళ్లు చల్లిన నూలుబట్ట మీద పెట్టె నడుస్తుంటె లేచే ఆవిరి వాసన నాకు శాన ఇష్టం. కరెంటు పెట్టెలకు ఆ వాసన రాదు. ఏమో మరి, బట్టలల్లనే నూలు తక్కువైందేమో. వదినెకు చెయ్యి, నోరు రెండూ ఆగకపోయేవి. గల్లీ ముచ్చట్లన్నీ ఆ బండి కాడికొచ్చే మడత పడేటియి. కానీ ఒకటి, పెట్టె పక్కకు పెట్టి, కొంగు నడుముకు చెక్కి మాట్లాడిందంటే ఇగ ఆ మాట బ్రహ్మదేవుడొచ్చినా తిరగదు. మా అన్నకు ఆ సంగతి పెండ్లైన యేడాదికే సమజైంది.

వాళ్ల బిడ్డ, నా మేనకోడలు, అప్పుడు ఏడో తరగతి. సదువు అంతంతే. లెక్కల పీరియడ్ అంటే జ్వరమొచ్చేది. ఖోఖోల మాత్రం పాదరసం, ఎవ్వల చేతికి చిక్కకపోయేది. ఆ ఆట కోసమే పొద్దుగాల లేసేది, ఆ ఆట కోసమే బడికి పోయేది. నుమాయిష్ వచ్చిందంటే నెలన్నర దాంక బడి గ్రౌండు కార్లతోని, మోటార్ సైకిళ్లతోని నిండేది. పిల్లలు కిటికీలకెళ్లి బండ్లను చూసుకుంట కూసునేటోళ్లు. ఆ యేడు ఆట బంద్ కాంగనే మా పిల్ల గూడ బంద్ అయింది. కడుపునొప్పన్నది, కాలునొప్పన్నది, ఆఖరుకు తల్లి బండి కాడ నిలబడి బట్టలు మడత పెట్టుడు సురువు చేసింది. గన్‌ఫౌండ్రీల పనిజేసే ఒక బ్యాంకు సారు, "నీ కన్న నీ బిడ్డనే మంచిగ మడత పెడ్తున్నదమ్మా" అని మెచ్చుకున్నడు. మంచిమాటే అనుకున్నడు పాపం. వదినె ఆ దినం అన్నం తినలే. "ఆ మెప్పు ఇంకో యేడు ఇన్నదంటే పిల్ల ఇగ బడికి పోదు. నాకెరుక, నన్ను గూడ చిన్నప్పుడు గట్లనే మెచ్చుకున్నరు" అన్నది. గ్రౌండు ఖాళీ అయినంక నానా తిప్పలువడి పిల్లను మళ్ల బడికి తోలింది.

ఆ వానకాలమే బడి కమిటీ ఎన్నికలన్నరు. పిల్లల తల్లిదండ్రులే అండ్ల మెంబర్లు, వాళ్లల్ల నుంచే ఒకరు చైర్మన్. అప్పటిదాంక చైర్మన్ మా గల్లీ ఆటో అన్న. పార్కింగ్ పెట్టిచ్చింది గూడ ఆయననే. దొంగ మనిషి కాదు, ఉన్నమాటే చెప్పాలె. ఆ పైసలతోని క్లాసులకు ఫ్యాన్లు పెట్టిచ్చిండు, గోడలకు రంగులేపిచ్చిండు. అంతకన్న పెద్ద సంగతి, గల్లీల ఎవ్వలకు నొప్పులొచ్చినా, ఎవ్వలు కిందవడ్డా ఆయన ఆటోలనే దవాఖానకు పోవుడు. కిరాయి ముట్టకపోయేది. మా మేనకోడలు పుట్టిన నాడు వదినెను గూడ ఆ ఆటోలనే తీస్కపోయినం. ఇంకో సిగ్నల్ పడితే పిల్ల రోడ్డు మీదనే పుట్టేది. అసొంటి మనిషి మీద వదినె నిలబడ్తనన్నది. మా అన్న మొకం తెల్లవడ్డది.

ఆమె ప్రచారమంతా ఇస్త్రీ బండి కాడనే. బట్టలిచ్చెటోళ్లకు, తీస్కపోయెటోళ్లకు ఒకటే మాట, గ్రౌండు పిల్లలది. ఒకనాడు ఆటో అన్న బండి కాడికే వచ్చిండు. "చెల్లే, పార్కింగ్ బంద్ పెడితే రేపు ఫ్యాన్లు ఖరాబైనప్పుడు ఎవ్వలు బాగు చేపిస్తరు? నల్లా పలిగితే? సర్కారు పైసలొచ్చేదాంక పిల్లలు ఉడికిపోవాల్నా?" అన్నడు. న్యాయమైన మాటే. "ఫ్యాన్ల కోసం నేను తిరుగుత అన్నా. ఎవ్వల గడప తొక్కాల్నో తొక్కుత. గ్రౌండు మాత్రం ఇయ్య" అన్నది వదినె. "నీ బిడ్డ పుట్టింది నా ఆటో పుణ్యాన. మర్శిపోయినవా ఏంది?" అని నవ్వుకుంటనే అన్నడు గని, ఆ మాట ఆమెకు గుచ్చుకున్నది. పెట్టె పక్కకు పెట్టింది. కొంగు చెక్కింది. "మర్శిపోలే అన్నా. ఆ పిల్ల కోసమే నిలబడ్డ" అన్నది.

ఎన్నిక నాడు భాద్రపదం ఎండ నెత్తి పలగగొడ్తున్నది. మీటింగ్ గ్రౌండులనే. నాకు ఓటు లేదు, గోడ కాడ నిలబడి చూస్తున్న. మెంబర్ల ఎన్నిక లొల్లి లేకుండనే అయిపోయింది. చైర్మన్ కాడ చిక్కొచ్చింది. మెంబర్లే తేల్చుకోవాలె గని, పెద్దసారు "ఇంతమంది వచ్చిన్రు, అందర్నీ అడుగుదం, చేతులు లేపుండ్రి" అన్నడు. ఆటో అన్న పేరు చెప్పంగనే చేతులన్నీ లేసినయి. వదినె పేరు చెప్పంగనే మళ్ల అవే చేతులు లేసినయి. సారు కండ్లద్దాలు తుడుసుకొని ఇంకోసారి అడిగిండు. మళ్ల గంతే. ఎట్ల లేపకుంట ఉంటరు చెప్పుండ్రి. ఎదురుంగ ఆయన చూస్తుండె, ఆయన ఆటో ఎక్కనోళ్లు ఎవ్వలూ లేకపాయె. పక్కకు ఈమె చూస్తుండె, తెల్లారి లేస్తే ఈమె బండి ముంగటికెళ్లే పోవాలె. మొగమాటానికి పోతే కడుపైందని సామెత ఊకెనే పుట్టలే.

సారు యాష్టకొచ్చి, ఇసుక్కుంట "చీటీలేద్దం, ఎవ్వలు పడితే వాళ్లే" అన్నడు. "నా బిడ్డ సదువును చీటీల పెడ్తరా సారూ" అని వదినె వరండాలకు పోయింది. ఖోఖో గీతలకని పెట్టుకున్న సున్నం బకెట్ తెచ్చి, గ్రౌండుకు నడిమిట్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాంక గీత గీసింది. "చెయ్యి రెండుసార్లు లేస్తది సారూ. మనిషి ఒక్క దిక్కే నిలబడ్తడు. పార్కింగ్ కావాలన్నోళ్లు అన్న దిక్కు, గ్రౌండు కావాలన్నోళ్లు నా దిక్కు" అన్నది. అని పోయి ఎండల నిలబడ్డది. బడిల ఉన్నది ఒక్కటే యాపచెట్టు, దాని నీడంతా ఆటో అన్న దిక్కే. జనమంతా పొద్దటిసంది ఆ నీడలనే ఉన్నరు. గింత తెలివితక్కువ గీత ఎవ్వలన్న గీస్తరా అని నాకు మస్తు కోపమొచ్చింది.

ఎవ్వలూ కదలలే. ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు, కాళ్లు చూసుకున్నరు. ఎండల ఒక్కతే నిలబడ్డ వదినెను చూస్తుంటె నా కోపం పోయి ఏడుపొచ్చింది. అప్పుడు మొజంజాహీ మార్కెట్ల పండ్లమ్మే ఒకామె లేసింది. ఆమె పెనిమిటికి గుండెనొప్పొచ్చిన నాడు ఆటో అన్ననే ఎత్తుకపోయి బతికిచ్చిండు, గల్లీ అంతా ఎరుకే. ఆమె సీదా ఆయన ముంగటికే పోయింది. "అన్నా, నీ ఋణం ఏదో ఒక తీరుగ తీర్సుకుంట. పిల్లల గ్రౌండు పెట్టి మాత్రం తీర్సలేను" అన్నది. గీత దాటి వదినె పక్కన నిలబడ్డది. ఆమె ఎనక ఇద్దరు, వాళ్ల ఎనక ఒక ముసలవ్వ, మనుమరాలి చెయ్యి పట్టుకొని. అందరూ రాలే. ఫ్యాన్ల ఫికర్ ఉన్నోళ్లు నీడలనే ఉన్నరు, వాళ్లను తప్పు పట్టను. సారు రెండు దిక్కులా లెక్కవెట్టిండు. ఎండల ఉన్నోళ్లే కొంచెం ఎక్కువైన్రు.

"ఫ్యాన్లు ఖరాబైతే ఏం జేస్తవో చూస్త చెల్లే" అనుకుంట ఆటో అన్న ఎల్లిపోయిండు. ఆయన నోటివాక్కు, ఎండకాలానికి రెండు ఫ్యాన్లు కాలిపోయినయి. వదినె బ్యాంకు సారు గడప తొక్కి, ఆయన ఇంట్ల పాత ఫ్యాను అడిగి తెచ్చింది. అది కిర్రుకిర్రుమంటది గని ఇప్పటికీ తిరుగుతున్నది. రెండోది దొరికేదాంక ఐదో తరగతి పిల్లలు నిజంగనే ఉడికిన్రు, దానికి తల్లులతోని మాటలు గూడ వదినెనే పడ్డది. ఆ ఎండకాలానికి ముంగట, నుమాయిష్ సురువైన నాడు అలవాటు కొద్ది బండ్లొచ్చి బడి గేటు ముంగట నిలబడ్డయి. ఎవ్వలు ఆపాలె అనుకుంట మేము పోతే, ఆటో అన్న అప్పటికే గేటు కడ్డంగ నిలబడి "గీడ లేదు భాయ్, పిల్లలు ఆడుతున్నరు" అని తిప్పి పంపుతున్నడు. వదినె నోరు తెరిచి చూస్తుంటె, "నా మాటైతే ఇంటరు, నీ మాట ఎవ్వలింటరు" అని మొకం అటు తిప్పుకున్నడు. ఆమెతోని మాట్లాడక నెలలైంది అప్పటికి.

మేనకోడలు పది పాసైంది. లెక్కలల్ల అత్తెసరు మార్కులే. ఇప్పుడు కాలేజీకి పోతున్నది, బట్టలు మడత పెట్టమంటే మొకం మాడ్చుకుంటది. ఆ మాడిన మొకం చూస్తే వదినెకు ఎంత సంబురమో. ఆమె పదవి గడువు ఎప్పుడో అయిపోయింది, ఆ ఎనక చైర్మన్లు మారిన్రు గని పార్కింగ్ మాట ఎవ్వలూ ఎత్తలే. మొన్న ఆ కారాయన పోయినంక బడి గోడ మీదికెళ్లి తొంగి చూసిన. పొద్దు గుంకుతున్నా ఆడపిల్లలు ఇంక ఖోఖో అని ఒర్లుకుంట ఉరుకుతున్నరు. వదినె గీసిన ఆ సున్నం గీత మర్నాటి వానకే కొట్టుకపోయింది. ఆ ఎనక ఎన్ని వానలైనయో, ఇయ్యాల గూడ అది ఏడ ఉండెనో మా గల్లీల ఎవ్వలనడిగినా కాలుతోని చూపిస్తరు.