మంచు ఊరి కప్పుకు ఇసక బస్తాలు

పెడనలో మా ఇంటికి రేకుల కప్పు. వాలు తక్కువ, చూరు బాగా కిందికి ఉంటుంది. పొడుగు మనిషైతే తల వంచి లోపలికి రావాల్సిందే. సముద్రపు గాలికి కప్పు ఎంత అందకుండా ఉంటే అంత మంచిది. తుఫాను కబురు వస్తే తాడుకు రెండు చివర్లా ఇసక బస్తాలు కట్టి, కప్పు మీదుగా చెరోవైపూ వేలాడదీస్తాం. నేను దివిసీమ పిల్లని, ఈ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మా ఆయన ఎలక్ట్రీషియన్. మూడేళ్ల క్రితం హిమాలయాల్లో సొరంగం పనికి వెళ్లారు. మాకు పిల్లల్లేరు. అద్దకం షెడ్డులో పని ముగించుకుని వచ్చి, ఒక్కదాన్నే ఆయన ఫోను కోసం కూర్చునేదాన్ని. తీరా ఫోను వస్తే మాట్లాడేదంతా నేనే. చెప్పేవాడికి వినేవాడు లోకువన్నట్టు, పుట్టి బుద్ధెరిగి మంచు చూడని నేను చలికి ఏం తినాలో, ఏం కప్పుకోవాలో ఆయనకు చెప్పేదాన్ని.

మొదటి చలికాలం, ఒక సాయంత్రం ఫోనులో హోరు వినిపించింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"గాలే. రేకులు కొట్టుకుంటున్నాయి. ఇక్కడ కప్పులన్నీ బాగా ఎత్తుగా, నిలువు వాలుగా కడతారు."

"అంతెత్తు కప్పు గాలికి ఆగుద్దా? బస్తాలు కట్టి వెయ్యండి. మన బందరోళ్లకి తెలిసినంత వాళ్లకేం తెలుసు?"

ఆయన నా మాట కాదనరు. మర్నాడే వేశారు. ఆ రోజు నాకు ఎంత సంతోషమో. అంత దూరాన ఉన్న మనిషికి నేనూ ఒక పనికి వచ్చాననిపించింది.

ఆ వారమే మంచు పడింది. అక్కడి కప్పుకు అంత వాలు పెట్టేది మంచు జారిపోవడానికట. నా తాళ్లూ బస్తాలూ దాన్ని జారనివ్వలేదు. పేరుకున్న బరువుకు రేకులు కుంగి గదిలోకి కూలాయి. ఆయన భుజం ఎముక విరిగింది.

ఇదేదీ ఆయన చెప్పలేదు. అదే గదిలో ఉండే గుడివాడ మనిషి సెలవుకు వచ్చి, ఆయన పంపిన శాలువా ఇవ్వడానికి మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పాడు. "మన తెలివి అక్కడ పనిచెయ్యలేదు చెల్లెమ్మా" అని నవ్వాడు. ఆ తెలివి ఎవరిదో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు ఫోనులో అడిగితే, "చిన్న దెబ్బేలే, తగ్గిపోయింది" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ఆయన నోట వాతావరణం మాట రాదు. గాలి లేదంటారు, చలి లేదంటారు. చెప్తే నేను మళ్లీ ఏదో ఒకటి చెయ్యమంటానని భయమో, నేను బాధపడతాననో. నేనూ సలహాలు మానేశాను. అవి పోయాక మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అన్నం తిన్నారా అంటాను, తిన్నానంటారు.

మొన్న వీడియో కాల్ చేశారు.

"మంచు పడుతోందా అండీ?"

"లేదు. ఎండగా ఉందిక్కడ" అన్నారు.

ఆయన టోపీ మీద, భుజాల మీద తెల్లగా మంచు ఉంది. దులుపుకోవడం మర్చిపోయారు.

"సరేనండీ. ఎండలో తిరక్కండి" అన్నాను.