ఈల మోగితే బెంచీ కిందికి

రాయదుర్గం సర్కారు బడి సైన్సు టీచరమ్మ మొన్న ఆదివారం పోయారు. జ్వరమని దవాఖానలో చేరి, మళ్ళీ ఇంటికి రాలేదు. బడి గోడకు ఆనుకునే నా కిరాణా దుకాణం. ఆమె గొంతు లేని బడిలో ఇప్పుడు పాఠాలకన్నా గుట్ట పగిలే చప్పుడే ఎక్కువ వినబడుతోంది.

కొత్త ఆఫీసుల కోసం బడి వెనక గుట్టను తూటాలు పెట్టి పేలుస్తున్నారు. పేల్చే ముందు ఒకడు ఎర్రజెండా ఊపి ఈల వేస్తాడు. ఒకసారి రాయి ఎగిరొచ్చి తరగతి గది రేకులు పగలగొట్టింది. అప్పటినుంచి ఈల వినగానే బెంచీల కిందికి దూరడం ఆమె పిల్లలకు అలవాటు చేశారు. పేలుడు కాగానే, "లేవండి, ఆపిన మాట దగ్గర్నుంచే రాయండి" అనేవారు.

సుద్దముక్క కొప్పులో గుచ్చుకుని, మరిచిపోయి, నా దగ్గర ఇంకోటి కొనడానికి వచ్చేవారు. "దుకాణం మీ కొప్పులనే ఉన్నది టీచరమ్మా" అంటే, "మీ బేరం పోతుందండీ, చెప్పకండి" అని నవ్వేవారు.

పదో తరగతి మంజుల మీద ఆమెకు ఆశ. పాసైతే కాలేజీకి పంపుతానని, తప్పితే తనతో మట్టిపనికి రావాల్సిందేనని ఆ పిల్ల తండ్రి చెప్పేశాడు.

పబ్లిక్ పరీక్షలు వేరే బడిలో పడ్డాయి. లెక్కల పరీక్ష రోజు, గేటు దగ్గర మూగిన జనాన్ని తరమడానికి పోలీసాయన ఈల వేశాడు. మంజుల బెంచీ కిందికి దూరింది. అప్పుడే తనిఖీ అధికారి గదిలోకి వచ్చాడు.

సాయంత్రం నా దుకాణం ముందే టీచరమ్మకు చెప్పుకుంది. "చిట్టీలు లేవు సార్ అన్న. మరి కిందికెందుకు దూరినవ్ అన్నడు. తూటా పేలుతదనుకున్న అన్న. అందరు నవ్విన్రు టీచర్."

కాపీ అని రాసి, మిగతా పరీక్షలు రాయనివ్వలేదు. టీచరమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎవరూ నమ్మలేదు. చివరికి, పిల్లను పనికి పెట్టొద్దని మంజుల తండ్రిని బతిమాలారు.

"గట్ల దూరుమని నేర్పింది మీరే గద టీచరమ్మా. ఇగ చాలు," అన్నాడతను.

అతను వెళ్ళాక టీచరమ్మ నాతో, "దాక్కోవడం నేర్పానండీ. ఎక్కడ అక్కర్లేదో చెప్పలేదు," అన్నారు. ఆ తర్వాత ఆమె నవ్వు నేను వినలేదు.

టీచరమ్మ సమాధి దగ్గర అందరం పిడికెడు మట్టి వేసి వెనక్కి జరిగాం. మంజుల మట్టిపని మీదినుంచే వచ్చింది, తలమీది చుట్టకుదురు తీయకుండానే. గుంత తవ్విన మనిషిని, "జర జరుగు కాకా" అని, పార అందుకుంది. నడుం వంచి, ఎక్కడా చెయ్యి తడబడకుండా మట్టి లాగసాగింది. వద్దు బిడ్డా అని మేము అనేలోపే గుంత సగం పూడింది.