ఫిల్మును వంచి చూసినవాణ్ణి

ఇరవై ఏళ్ళకు పైగా దీన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయి కాదు. బాగానే తిన్నాను, బాగానే నవ్వాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను. అయితే మేళం మొదలవగానే లోపల ఏదో గుచ్చుకునేది. ఎందుకో మీకు చెప్తాను. మీరు నన్నెరగరు, అదే నా ధైర్యం.

తొంభైల చివర్లో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పరిశోధన చేసేవాణ్ణి. బీడీలు బాగా కాల్చేవాళ్ళకు, దగ్గూ ఆయాసమూ రాకముందే, ఆర్నెల్లకోసారి ఛాతీ ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోగలమా అని చూడటం మా పని. ప్రతి ఫిల్మునూ ముందు నా పై డాక్టరు, పెద్ద మేడమ్, చూసేవారు, తర్వాత నేను. ఒకరు ఏం రాశారో ఇంకొకరికి తెలియకూడదు. విడివిడిగా చూసినా ఇద్దరి మాటా కలిస్తేనే ఆ పనికి విలువ.

మేడమ్ అనుమానమున్న చోట మైనపు పెన్సిల్‌తో సున్నా చుట్టి, కాగితం మీద రాసుకున్నాక స్పిరిట్ దూదితో తుడిచేసేవారు. ఆమె చేతికి బలమెక్కువ. ఫిల్మును కిటికీ వైపు కొంచెం వంచితే ఆ సున్నా జాడ తెలిసిపోయేది. మొదటిరోజు అనుకోకుండా కనబడింది. రెండోరోజు అనుకునే చూశాను. ఆ తర్వాత అలవాటైంది. కాపీ కొట్టడానికీ కాస్త చదువుండాలి, నాకు డాక్టరీ ఉండె! మా ఇద్దరి చూపూ ఎంత బాగా కలుస్తోందో అని అందరూ మెచ్చుకుంటుంటే నేను వినయంగా తల దించుకునేవాణ్ణి. అది వినయం కాదని నాకొక్కడికే తెలుసు.

మునిరత్నం చిత్తూరు నుంచి వచ్చేవాడు. నాదస్వరం అతని బతుకు. రోజుకు రెండు కట్టల బీడీలు ఊదినా, మేళం పట్టుకుంటే ముహూర్తం దాటేదాకా దించడని పేరు. ఎక్స్‌రే తీసేటప్పుడు గాలి పీల్చి పట్టుకోమన్న మా టెక్నీషియన్, వదలమని చెప్పడం మరిచిపోయాడు. వివరాలన్నీ రాసుకుని తలెత్తేసరికి మునిరత్నం ఇంకా అట్లే బిగబట్టుకుని నిలబడి ఉన్నాడు. గదంతా నవ్వు.

ఆ ఫిల్ములో కుడివైపు పైన, పక్కటెముక చాటున, శనగగింజంత మచ్చ. నాకు కనిపించింది. వంచి చూశాను. సున్నా జాడ లేదు. మేడమ్‌కు కనబడనిది నాకెట్లా కనబడుతుంది? ఎముక నీడేమో? ఉందని రాస్తే ఇన్నాళ్ళూ కలుస్తూ వచ్చిన మాట మొదటిసారి తప్పుతుంది, ఎందుకు తప్పిందని నలుగురూ అడుగుతారు, అడిగితే నేనేం చెప్పాలి? ఏమీ లేదని రాసి సంతకం పెట్టాను.

ఆర్నెల్లకు మచ్చ ఉసిరికాయంత అయింది. ఈసారి మేడమ్ సున్నా చుట్టారు. నేనూ రాశాను, మహా ధీమాగా. మునిరత్నాన్ని కూర్చోబెట్టి సంగతి చెప్పాను. ఫిల్ము మీది మచ్చను వేలితో చూపించి అడిగాడు.

“పోయినతూరి తీసినప్పుడు ఇది ఉండెనా సార్?”

“లేదప్పా. కొత్తగా వచ్చుండాది.”

“అట్లయితే మంచికాలంలోనే పట్టినారు. మీ కంట్లో పడకుండా ఏం దాక్కుంటాది సార్!”

మద్రాసులో ఆపరేషన్ చేసి కుడి ఊపిరితిత్తిలో సగానికి పైగా తీసేశారు. ముందే చెప్పుంటే తక్కువతో పోయుండేదా? పోయుండేదనే నా నమ్మకం. కచ్చితంగా చెప్పలేను, ఆ చెప్పలేకపోవడం వెనకే ఇన్నేళ్ళూ దాక్కున్నాను. మనిషి బతికాడు. నాదస్వరం పోయింది. ఇప్పుడు తన శిష్యుల మేళంలో తాళం వేస్తాడు, వేస్తూ వాళ్ళను తిడతాడు. తిట్లకు మాత్రం గాలి బాగానే చాలుతోంది.

ఏటా మామిడిపండ్ల బుట్టతో మా ఇంటికొస్తాడు. నాకు ప్రాణం పోసిన సారు అని వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్తాడు. నేను కాదనను. పండ్లు తింటాను. తియ్యగానే ఉంటాయి, అదే నాకు కోపం.

అతనికి చెప్పే ధైర్యం ఎప్పుడొస్తుందో తెలియదు. మీరు నన్ను క్షమించక్కర్లేదు, పోయింది మీ ఊపిరి కాదు. ఇది మాత్రం వినండి. ఆ మచ్చ మొదటిసారే ఉండింది. నేను చూశాను. లేదని రాశాను, లేదని అతని మొహం మీదే చెప్పాను.

రాయడం అయింది. పెన్నుకు మూత కూడా పెట్టలేదు, బరువు దిగినట్టుంది, అప్పుడే ఈల వేస్తున్నాను.